వాలుబల్ల మీద ఇసుక మనిషి

కిందటి వారం కథ ఫ్యాక్టరీ టెస్టు యార్డు గేటు దగ్గర ఆగింది. గడ్డి కోసే చిన్న ట్రాక్టరు బోల్తా పడి తోటమాలి చనిపోయి ఎనిమిది నెలలైంది. అతను పడిన చోట నేల వాలు కొలిస్తే పన్నెండు డిగ్రీలే వచ్చింది. బండి మీద అంటించిన పసుపు కాగితమేమో పదిహేను దాకా భయం లేదంటోంది. ఫ్యాక్టరీ వాళ్ళు రెండు మాటల్లో తేల్చేశారు: బండిలో లోపం లేదు, నడిపినవాడే ఒళ్ళు తెలియకుండా నడిపాడు. ఆ రెండో మాట మింగుడు పడక తోటమాలి భార్య ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి ఒక్కటే అడిగింది. "ఆ టెస్టేదో నా కళ్ళ ముందు మళ్ళీ చెయ్యండి." చేసేస్తే పీడా విరగడవుతుందని పైవాళ్ళు సరేనన్నారు. చెయ్యాల్సిన మనిషి మాత్రం, నాలుగేళ్ళ కిందట ఆ రకం బండి ఎంత వాలు దాకా నిలబడుతుందో చూసి కింద సంతకం పెట్టినావిడే. యార్డులో అందరూ ఆమెని కొలతమ్మ అంటారు.

ఆ పొద్దున తొమ్మిదింటికే కొలతమ్మ ఇసుక తూకం మొదలుపెట్టింది. నిబంధన ప్రకారం మనిషికి బదులు సీటు మీద పెట్టాల్సిన బరువు డెబ్బై అయిదు కిలోలు. ఇన్నేళ్ళలో ఎన్ని బళ్ళ మీద ఎన్ని సంచులు కట్టిందో ఆమెకే గుర్తులేదు. ఇసుక ఇసుకలాగే ఉండేది. నిన్న తోటమాలి భార్యకి ఫోన్ చేసి ఆయన బరువెంత అని అడిగింది. ఆమె, "డెబ్బై నాలుగు. మోకాలి నొప్పని ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ తూచారు, ఆ నెలలోనే," అంది. అందుకని ఇప్పుడు కొలతమ్మ సంచి మూతి విప్పి ఒక కిలో ఇసుక వెనక్కి తీసింది. తీసిన ఇసుకని కుప్పలో పారబొయ్యడానికి చెయ్యి రాక, దోసిట్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఈ ఎనిమిది నెలల్లో ఆమెకి ఒక పాడు అలవాటు పట్టుకుంది. ఎక్కడికి వెళ్ళినా నేల కంటే ముందు వాలు కనిపిస్తుంది. ఆసుపత్రి ర్యాంపు అయిదు డిగ్రీలు. బస్టాండు వెనక సందు ఏడు. రోడ్డు మీద తోపుడుబండి కాస్త ఒరిగినా కళ్ళు ముందు పైవైపు చక్రం మీదికి పోతాయి, అది నేల వదిలిందేమోనని. తోటమాలిని ఆమె బతికుండగా ఒక్కసారి కూడా చూడలేదు. అయినా కళ్ళు మూస్తే చాలు వచ్చి కూర్చుంటాడు. ముఖం ఉండదు. ఒక సీటు, దాని మీద ఒక వీపు. ఆ వీపు మెల్లగా ఒక పక్కకి వాలిపోతూ ఉంటుంది, వాలిపోతూనే ఉంటుంది, ఎంతకీ పడదు.

"అమ్మాయ్, ఆవిడొచ్చింది," అన్నాడు గొలుసు బాబాయి.

యార్డులో బరువులెత్తడం, గొలుసులు కట్టడం ఆయన పని. ఇరవై ఏళ్ళుగా ఆయన కట్టిన గొలుసు ఒక్కటి కూడా తెగలేదని ఆయనకి కాస్త గర్వం.

తోటమాలి భార్య సన్నగా, పొడుగ్గా ఉంది. బట్టలు కుట్టే మనిషి. తొందరలో వచ్చిందేమో, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. దాని సంగతి ఆమెకి తెలిసినట్టు లేదు.

"కూర్చోండి," అంది కొలతమ్మ కుర్చీ జరుపుతూ.

"వద్దు మేడమ్. నిలబడే చూస్తాను."

టెస్టు మామూలుగా చూసేవాళ్ళకి పెద్ద విశేషంగా ఉండదు. ఒక వెడల్పాటి ఇనుప బల్ల. ఒక అంచు నేలకి కీళ్ళతో బిగించి ఉంటుంది, రెండో అంచుని కింద నుంచి హైడ్రాలిక్ జాకీ ఎత్తుతుంది. బండిని దాని మీద అడ్డంగా నిలబెట్టి, సీట్లో ఇసుక సంచులు కట్టి, బల్లని గోరంత గోరంత పైకి లేపుతారు. పైవైపు వెనక చక్రం కింద ఒక కాగితం ముక్క ఉంటుంది. ఆ కాగితాన్ని వేలితో లాగితే ఎప్పుడు ఊడి వస్తుందో అప్పుడు ఆ చక్రం నేలని వదిలినట్టు. మీటరు మీద ఆ క్షణంలో ఉన్న అంకె, ఆ బండి ఓర్పుకి హద్దు.

గొలుసు బాబాయి బండి చట్రానికి కొక్కెం తగిలించాడు.

"అదెందుకు?" అంది తోటమాలి భార్య.

"బండి నిజంగా దొర్లిపోకుండానమ్మా. వదులుగానే కట్టాను. టెస్టుకి అడ్డం రాదు. తల్లకిందులయ్యే ముందు పట్టుకుంటుందంతే."

"ఆయనకి గొలుసు లేదు," అంది ఆమె. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. గొలుసు బాబాయి తల దించుకుని కొక్కెం మళ్ళీ ఒకసారి బిగించాడు.

బల్ల మీద ఉన్నది చనిపోయిన తోటమాలి నడిపిన బండి కాదు. నాలుగేళ్ళ కిందట అమ్మకానికి ముందు టెస్టు చేసిన మొదటి బండి. ఆ రకానికి అదే నమూనా కనక యార్డులోనే దాచి ఉంచారు. తోటమాలి బండి మూల షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. విచారణ కోసం తెచ్చారు, తర్వాత ఎవరూ దాన్ని పలకరించలేదు.

కొలతమ్మ జాకీ మీట నొక్కింది. బల్ల మూలిగింది. పది. పదిహేను. ఇరవై. కుడివైపు కిందికి దిగుతుంటే సీటు మీద సంచులు కొంచెం కొంచెంగా ఒరిగాయి. ముప్పై దగ్గర కూడా కాగితం గట్టిగా పట్టి ఉంది. ముప్పై ఒకటిన్నర దగ్గర మెత్తగా ఊడొచ్చి చేతిలో పడింది.

నాలుగేళ్ళ కిందట ఆమె రాసిన అంకె కూడా అదే. తప్పు చెయ్యలేదని తేలినందుకు గుండె తేలికపడాలి. పడలేదు.

"ఆయన అలా కూర్చోరు," అంది తోటమాలి భార్య.

"ఏమిటండీ?"

"ఆయన అంత బుద్ధిమంతుడిలా నిటారుగా కూర్చోరు మేడమ్. నేనూ కొలతలు తీసేదాన్నే. మనిషిని ఊపిరి బిగబట్టించి నిలబెట్టి తీసిన కొలతతో చొక్కా కుడితే, వాడు వంగగానే చంకల్లో పట్టేస్తుంది. మనిషి ఎలా మసలుతాడో చూసి తియ్యాలి కొలత." ఒక అడుగు ముందుకి వేసి ఆగింది. "ముట్టుకోవచ్చా?"

కొలతమ్మ బల్లని కిందికి దించింది. నిబంధనల్లో ఇలాంటివి లేవు. అయినా సంచుల తాళ్ళు తనే వదులు చేసింది.

తోటమాలి భార్య పెద్ద సంచిని రెండు చేతులా పట్టుకుని కుడివైపుకి జరిపింది. "ఎడమ మోకాలు నొప్పి. ఆ కాలు చాపుకుని ఇటు వాలి కూర్చునేవారు. వెనక గడ్డి పెట్టెలు నిండాయో లేదోనని మాటిమాటికీ మెడ తిప్పి చూసుకునేవారు. పెట్టెలు ఖాళీగా పెట్టారేం? అవి నిండాకే కదా ఆయన గట్టు దిగేది." మాట్లాడుతూనే చిన్న సంచిని పైన కాస్త పక్కకి తిప్పి, అరచేత్తో రెండు సార్లు తట్టింది. బట్టకి మడత సరిచేసినట్టు తట్టింది. అప్పుడు రెండడుగులు వెనక్కి వేసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొలతమ్మ కూడా చూసింది. ఇన్నాళ్ళుగా తనకి కనిపిస్తున్న వీపు అదే.

గొలుసు బాబాయి వెళ్ళి యార్డు వెనక కోసిన పచ్చి గడ్డిని నీళ్ళతో తడిపి తెచ్చి రెండు పెట్టెల్లో కుక్కాడు. మళ్ళీ బల్ల లేచింది. ఈసారి ఇరవై ఆరుకే కాగితం వచ్చింది. అయినా ఇరవై ఆరంటే పన్నెండుకి రెండింతల పైమాటే.

"అంటే..." తోటమాలి భార్య గొంతు తగ్గింది. "అంటే వాళ్ళన్నట్టు ఆయనే సరిగ్గా నడపలేదా?"

బల్ల ఇంకా ఒరిగే ఉంది. కొలతమ్మ ముందు చక్రం కింద చిక్కుకున్న గడ్డి పీకుదామని వంగి, బండి పొట్ట కిందికి తల పెట్టింది. అలా ఒరిగి ఉన్నప్పుడు బండిని కింద నుంచి చూడటం ఆమెకదే మొదలు.

ఈ బళ్ళలో ముందు ఇరుసు నడిమధ్యన ఒక్క పిన్ను మీద వేలాడుతుంది. ఒక చక్రం గుంటలో దిగితే రెండోది పైకి లేచి, గడ్డి కోత ఎగుడుదిగుడు కాకుండా చూస్తుంది. వచ్చిన చిక్కల్లా, అలా ఊగే ఇరుసు బండి పక్కకి పడబోతుంటే ఆపదు. దాని మానాన అది ఊగి ఊరుకుంటుంది. అప్పుడు బండి నాలుగు కాళ్ళ మీద కాదు, మూడు కాళ్ళ మీద నిలబడ్డట్టు.

ఈ బండి ఇరుసు ఊగడం లేదు. రెండు వైపులా, ఇరుసుకీ చట్రానికీ మధ్య, బొటనవేలంత ఇనుప ముక్కలు అతికించి ఉన్నాయి. పైన నల్ల రంగు కొట్టారు. నాలుగేళ్ళకి ఆ రంగు పెచ్చులూడి, కింద అతుకు బయటపడింది.

కొలతమ్మ లేచింది. గబగబా షెడ్డులోకి నడిచి టార్పాలిన్ లాగేసింది. స్టీరింగు వంగిపోయి, సీటు చిరిగి ఉన్న ఆ బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఇరుసు కిందికి చెయ్యి పోనిచ్చింది. కుడివైపు తడిమింది. ఎడమవైపు తడిమింది. నున్నటి ఇనుము. ముక్కల్లేవు. ముందు చక్రాన్ని కాలితో నొక్కితే రెండో చక్రం ఉయ్యాల బల్లలా పైకి లేచింది.

"బాబాయ్," అని కేకేసింది. "దీన్ని బల్ల మీదికెక్కించు."

"దీన్నా? పై నుంచి ఆర్డరు..."

"నేను చెబుతున్నాను కదా. ఎక్కించు."

గంట పట్టింది. అదే ఇసుక, అదే తడి గడ్డి. చిరిగిన సీటు మీద సంచులు సర్దింది తోటమాలి భార్యే. ఈసారి ఎవరినీ అడగలేదు. బల్ల లేచింది. పది. పన్నెండు. పన్నెండు దగ్గర కొలతమ్మ వేలు తనంతట తనే మీట మీద ఆగింది. మళ్ళీ నొక్కింది. పద్నాలుగు. పదహారు. కాగితం ఊడి వచ్చింది. మీటరు మీద పదహారున్నర. వేలు తీసేలోపే బల్ల ఇంకో వెంట్రుకవాసి లేచింది. అంతే. బండి మొత్తం ఒక్క ఉదుటున కుడివైపుకి తిరిగింది. సంచులు సీట్లోంచి జారి బల్ల మీద దబ్బున పడ్డాయి. గొలుసు బిగుసుకుని ఖంగుమంది. తోటమాలి భార్య చేతులు రెండూ ముందుకి చాపి ఉంది, పడేదాన్ని పట్టుకోబోయినట్టు.

వెనక పెట్టెలోంచి తడి గడ్డి చిన్న చిన్న ముద్దలుగా రాలుతూనే ఉంది.

"కదలకుండా ఉన్నప్పుడే పదహారున్నర," అంది కొలతమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నడుస్తున్నప్పుడు పన్నెండు డిగ్రీల వాలు మీద కింది చక్రం చిన్న గుంటలో పడితే చాలు."

"అక్కడ గుంట ఉంది. నేను చూశాను. ఇంతే ఉంది, అరచేతిలోతు." తోటమాలి భార్య చేతులు మెల్లగా దించింది. "అంటే ఆయన తప్పు లేదు."

"లేదు."

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా?"

"రాసిస్తాను. రేపు పదింటికి రండి."

"ఈ రోజే..."

"రేపు ఇస్తాను. నన్ను నమ్మండి."

నమ్మమనడానికి తనకేం హక్కుందో కొలతమ్మకే తెలియలేదు. తోటమాలి భార్య తలాడించి వెళ్ళిపోయింది. గేటు దాటాక మెడలో టేపు సంగతి గుర్తొచ్చినట్టుంది, తీసి చుట్ట చుట్టుకుంటూ నడిచింది.

గొలుసు బాబాయి కొక్కెం విప్పుతూ, అటు తిరిగే అన్నాడు. "అమ్మాయ్. మొదటి బండి కింద ఆ అతుకు..."

"చూశాను బాబాయ్."

"అందరూ ఒక్కలాగే అతుకుతారు అనుకుంటారు గాని..."

"చూశానన్నాను కదా!"

ఆయన గొలుసు చుట్టి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వెల్డింగు చేసేవాళ్ళకి ఎవరి దస్తూరి వాళ్ళకి ఉంటుంది. ఆ అతుకు చివర గీత ఆగిపోకుండా వెనక్కి తిరిగి చిన్న సున్నా చుట్టుకుంది. అలా చుట్టే చెయ్యి కొలతమ్మకి ఒక్కటే తెలుసు. చిన్నప్పుడు తను తొక్కిన మూడు చక్రాల సైకిలు మీద ఆ సున్నా ఉండేది. ఇంటి కిటికీ ఊచల మీద ఇప్పటికీ ఉంది. ఇదే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు వెల్డరుగా చేసి రిటైరైన ఆ మనిషి, ఆమె కన్నతండ్రి.

ఇంట్లో తండ్రీ కూతుళ్ళిద్దరే. కొలతమ్మ తలుపు తీసేసరికి సాయంత్రం ఆరు కావస్తోంది. తండ్రి ఎప్పట్లాగే హాల్లో చెక్క కుర్చీలో ఉన్నాడు. కుర్చీ ఒక కాలి కింద మడత పెట్టిన అట్టముక్క. ఎనిమిది నెలలుగా ఆయనకి ఇల్లు ఒక పక్కకి వాలిపోయినట్టు అనిపిస్తోంది. మంచం కింద అట్టలు, బల్ల కింద అట్టలు. గోడ పట్టుకోనిదే స్నానాల గదికి వెళ్ళడు. చెవుల డాక్టరు, నరాల డాక్టరు అందరూ చూసి ఏమీ లేదన్నారు. ముసలితనం అని సరిపెట్టుకుంది కొలతమ్మ. ఎనిమిది నెలలు అనే అంకె ఆమెకి ఈ రోజు దాకా తట్టలేదు. అంకెలతో బతికే మనిషికి తట్టలేదు.

చేతిసంచి కింద పెట్టకుండానే ఎదురుగా నిలబడింది.

"నాన్నా, మొదటి బండి ముందు ఇరుసుకి ముక్కలు అతికావా?"

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ఏ ముక్కలని అడగలేదు. అది చాలు ఆమెకి. నేల మీద కూలబడింది.

"ఎవరు అతకమన్నారు?"

"డిజైను సారు. నీ టెస్టుకి ముందు రోజు. మీకంటే ముందు వాళ్ళు దొంగతనంగా బల్ల ఎక్కించి చూసుకున్నారట, పద్దెనిమిది దాటలేదట. పాసవ్వాలంటే ముప్పై దాటాలి కదా. పెద్దాయనా, రెండు ముక్కలు అతుకు, రేపటికి గట్టెక్కుదాం, తర్వాత డ్రాయింగులో చేర్చేస్తాం, అమ్మే బళ్ళన్నిటికీ ఇలాగే వస్తాయి అన్నాడు. నేను నమ్మాను తల్లీ. అప్పటికి రిటైర్మెంటు ఇంకో రెండు నెలలే. ఎందుకు, ఏమిటి అని అడిగే ఓపిక లేకపోయింది."

"చేర్చలేదు నాన్నా. ఇరుసు బిగిస్తే గడ్డి కోత గీతలు గీతలుగా పడుతుంది. కొనేవాళ్ళకి నచ్చదు. అందుకని తీసేసి ఉంటారు. నాకు చూపించింది ఒక బండి, జనం మీదికి వదిలింది ఇంకో బండి."

"ఊఁ."

"ఆ రోజు నాకెందుకు చెప్పలేదు? ఒకే ఇంట్లో ఉన్నాం. పక్కపక్క కంచాల దగ్గర కూర్చున్నాం. టెస్టు బాగా వచ్చింది నాన్నా, ముప్పై ఒకటిన్నర అని నేను సంబరంగా చెబితే, నువ్వు విని మంచినీళ్ళు తాగావు. నాకు గుర్తుంది."

ఆయన చేతులు కుర్చీ పిడిని గట్టిగా పట్టుకున్నాయి. "చెబితే నువ్వు సంతకం పెట్టవు. సంతకం పెట్టకపోతే నీ ఉద్యోగం ఉండదు. నీ సంగతి నాకు తెలీదా? అయినా అది నిజమైపోతుందనే అనుకున్నాను. రేపో మాపో అన్ని బళ్ళకీ ఆ ముక్కలు వస్తాయి, అప్పుడిక నువ్వు రాసింది అబద్ధం కాదు కదా అని."

"నా సంతకం కింద నీ అతుకు ఉంది నాన్నా. నాలుగేళ్ళుగా ఉంది." ఏడుపు రాలేదు. వస్తే బాగుండనిపించింది. "ఆ బళ్ళకి ముక్కల్లేవని నీకెప్పుడు తెలిసింది?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "పేపర్లో ఫొటో వేశారుగా. బోల్తా పడ్డ బండి అడుగు కనిపించింది. అప్పుడు."

"అప్పట్నుంచే ఇల్లు వాలిపోతోందన్నావు."

"నిజంగానే వాలుతోంది తల్లీ. నువ్వు నమ్మవు గాని, నిజంగానే."

నమ్ముతున్నానని చెప్పాలనుకుంది కొలతమ్మ. లేచి ఆయన పక్కన కూర్చుంది. ఆయన చేతి మీద వెల్డింగు చేసేటప్పుడెప్పుడో నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు, నువ్వు గింజల్లాగా ఉన్నాయి. ఆ చేతిని తన చేతిలోకి తీసుకోవాలో వద్దో తేల్చుకోలేక చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయింది. చివరికి తీసుకుంది.

"రేపు ఆవిడకి అంతా రాసిస్తాను," అంది. "ముక్కల సంగతి, డిజైను సారు సంగతి, నేను చూసుకోకుండా సంతకం పెట్టిన సంగతి. నీ పేరు కూడా రాయాలి."

"రాయి."

"నా ఉద్యోగం పోతుంది. ఇంకేమేం పోతాయో తెలీదు."

"తెలుసు."

"కాగితంలో చదివి తెలుసుకోవడం వేరు నాన్నా. నువ్వొచ్చి ఆవిడకి నీ నోటితో చెప్పు."

తండ్రి ముఖంలో రంగు దిగిపోయింది. పాపం, ఆ మాటకి సిద్ధంగా లేడు. "ఆవిడ ఎదుటికా? వద్దమ్మా. రాతలో నా పేరు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా రాయి. జైలుకి పొమ్మంటే పోతాను. ఆవిడ ఎదుటికి మాత్రం..."

"ఆవిడ ఈ రోజు ఇసుక సంచిని మొగుడిలా కూర్చోబెట్టింది నాన్నా. నేను చూశాను. నువ్వు రావాలి."

తెల్లారి కొలతమ్మ నిద్రలేచేసరికి ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు కాళ్ళకి తొడుక్కుని తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు.

యార్డు ఆఫీసు గదిలో రెండు బల్లలు, ఒక బీరువా, గోడకి ఆనించి ఒక బెంచీ. తండ్రిని బెంచీ మీద కూర్చోబెట్టి కొలతమ్మ రిపోర్టు మరోసారి చదువుకుంది. రెండు పేజీలు. పైవాళ్ళకి ఒక కాపీ అప్పటికే పంపేసింది, మళ్ళీ మనసు మారకుండా. పదికి అయిదు నిమిషాలుండగా తోటమాలి భార్య వచ్చింది.

"కూర్చోండి," అంది కొలతమ్మ. ఈసారి ఆమె కూర్చుంది.

కాగితాలు తీసుకుని అక్షరం అక్షరం చదివింది. 'నడిపిన వ్యక్తి లోపమేమీ లేదు' అన్న చోట వేలు పెట్టి మూడు సార్లు చదివింది. ఆమె భుజాలు ఎనిమిది నెలల తర్వాత మొదటిసారిగా కిందికి దిగాయి. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"ఇది మా అత్తగారికి చదివి వినిపిస్తాను," అంది. "కొడుకు పనిలో నిర్లక్ష్యం చేశాడంటే ఆవిడ తట్టుకోలేకపోయింది. చావు కన్నా ఆ మాటకే ఎక్కువ ఏడ్చింది." కింద సంతకం చూపిస్తూ, "మీరు మీ పేరు కూడా దాచుకోలేదు మేడమ్," అంది.

"దాచుకునే హక్కు లేదు. రెండో పేజీలో ఇంకో పేరుంది, చూశారా? ఆ ముక్కలు అతికినాయన." కొలతమ్మ గొంతు సవరించుకుంది. "ఆయన మా నాన్న. మీతో మాట్లాడాలని వచ్చారు."

తండ్రి లేచాడు. అంతవరకు తలుపు రెక్క చాటున బెంచీ మీద ఉన్న మనిషిని తోటమాలి భార్య గమనించలేదు. ఇప్పుడు తిరిగి చూసింది. చూస్తూనే ఉంది. ఆమె ముఖంలో కోపం వస్తుందని కొలతమ్మ ఎదురుచూసింది. వచ్చింది కోపం కాదు. ఎక్కడో చూసిన ముఖాన్ని పోల్చుకుంటున్న మనిషి కళ్ళు అవి.

"అమ్మా," అన్నాడు తండ్రి. "నన్ను..."

"మీరా!" అంది ఆమె.

ఆమె చేతిలోంచి కాగితాలు ఒళ్ళోకి జారాయి.

"మీరే. ఆయన పోవడానికి ముందు రోజు సాయంత్రం మా క్వార్టర్సు గేటు దగ్గర నిలబడ్డది మీరే. ఎవరు కావాలండీ అంటే దాహం వేస్తోందమ్మా అన్నారు. నేను నీళ్ళు తెచ్చిచ్చాను. మా ఆయన వాకిట్లో బండి కడుగుతున్నారు. మీరు ఆ ముందు చక్రాలనే చూస్తూ సగం గ్లాసు తాగారు. ఆయన మిమ్మల్ని నవ్వుతూ పలకరించారు కూడా, ఏం పెద్దాయనా, బండి కొంటారా అని."

కొలతమ్మ తండ్రి వైపు తిరిగింది. పేపర్లో ఫొటో చూశాకే తెలిసిందని చెప్పిన తండ్రి వైపు. ఆయన కూతురి వైపు చూడలేదు.

"ఏదో చెప్పబోయారు," అంది తోటమాలి భార్య. ఇప్పుడామె లేచి నిలబడింది. "నోరు తెరిచారు. మళ్ళీ గ్లాసు నా చేతికిచ్చేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. పిచ్చి మనిషేమో పాపం అనుకున్నాం. తర్వాత ఇంక ఆ సంగతే మర్చిపోయాను." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇప్పుడు చెప్పండి పెద్దాయనా. ఆ రోజు మా వాకిట్లోకి ఏం చెబుదామని వచ్చారు? చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయారు?"